కళింగపట్నం బీచికి స్విమ్‌సూట్ మీద ఏం వేసుకుంటే నప్పుతుంది?

ప్రశ్న: మే సెలవుల్లో కళింగపట్నం, అక్కణ్ణుంచి గోవా. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, తుంటి వెడల్పు. శ్రీకాకుళంలోనే కుట్టించుకుందామని. ఏ గుడ్డ, ఎంత పొడవు?

జవాబు: పిక్క మధ్యలో ఆగే కాఫ్తాన్ (వదులుగా వేలాడే గౌను) మాత్రం వద్దండి, కాలు అక్కడ తెగినట్టుండి ఇంకా పొట్టిగా కనిపిస్తారు. మోకాలికి 2 అంగుళాలు పైకి ఉంచండి. 'వి' మెడ పెట్టించి, రొమ్ము కింద లోపలివైపు బొందు కుట్టించండి. గుడ్డ తుంటికి అతుక్కోకుండా జారుతుంది. 44 అంగుళాల పన్నా మల్మల్ (పల్చటి మెత్తటి నూలు గుడ్డ) రెండుంపావు మీటర్లు చాలు. కత్తిరించే ముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. టైలర్లు తొందరలో ఇది వదిలేస్తారు, మొదటి ఉతుకుకే కురచైపోతుంది.

జవాబు: రేయాన్ తీసుకోకండి. తడిస్తే బరువెక్కి సాగుతుంది, బలమూ తగ్గుతుంది. పల్చటి తెలుపు తడిస్తే లోపలిదంతా కనిపిస్తుంది, ముదురు రంగు మీద చిన్న ప్రింటు మేలు. వంశధార సముద్రంలో కలిసే చోట గాలికి పల్చటి గుడ్డ లేచిపోతుంది, అంచు అంగుళంన్నర మడత వేయించండి.

జవాబు: పొందూరు ఖద్దరు మీద మనసు పడకండమ్మా. చేత్తో వడికిన సన్న నూలు అది, ఇసుక రాపిడికి పెట్టే గుడ్డ కాదు. ఏది వేసినా ఆ పూటే మంచినీళ్లలో జాడించి నీడన ఆరేయండి, ఉప్పు ఉండిపోతే గుడ్డ బిరుసెక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు: కళింగపట్నంలో మోకాలి పైకంటే ఇబ్బందేమో?

జవాబు: అదే కాఫ్తాన్ కింద పల్చటి కాటన్ పలాజో (వదులు ప్యాంటు) వేసుకోండి. గోవాలో తీసేయొచ్చు.