ఉగాది దాటింది, అమ్మమ్మ దాచిన నాటు ఇత్తనాలు ఇప్పుడే పెట్టాల్నా, మృగశిర దాకా ఆగాల్నా?

పానగల్ పోరడు, నల్లగొండ

అందరికి నమస్తే. జర పెద్ద పోస్టు, ఓపికతోని చదువుండ్రి. మా గల్లీ చివర రెండు ఓపెన్ ప్లాట్లు ఉన్నయ్, ఒక్కోటి 150 గజాలు, ఓనర్లు హైదరాబాద్‌ల ఉంటరు. సర్కారు తుమ్మ పెరిగి పాములు తిరుగుతుంటే మేమే ఫోన్ చేసి అడిగినం, ఇల్లు కట్టేదాక మీరే ఏమన్న పెట్టుకోండ్రి అన్నరు. తొమ్మిది ఇండ్లోళ్లం పైసలేసుకొని జేసీబీతోని సాఫ్ చేపిచ్చి రెండు ట్రాక్టర్ల పెంట తోలిచ్చినం. మొత్తం రెండున్నర గుంటలు అనుకోండ్రి.

అసలు ముచ్చట ఇత్తనాలది. మా అమ్మమ్మ పోయినేడు చనిపోయింది. చండూరు దగ్గర ఊర్లె ఆమె ఇల్లు సర్దుతుంటే అటక మీద పాత కుండల చీర ముక్కలల్ల కట్టిన మూటలు దొరికినయ్, బూడిద, ఎండిన యాపాకు కలిపి ఉన్నయ్. మా అమ్మ చూసి గుర్తుపట్టింది: పొట్టి బీర, గోకర (గోరుచిక్కుడు), బుడమకాయ, ముండ్ల వంకాయ, ఎర్ర పుంటికూర (గోంగూర), అనుములు. ఆనిగెపుకాయ (సొరకాయ) అయితే కాయకు కాయే చూరుకు వేలాడుతుంది, ఊపితే లోపల గలగల అంటది. ఇంకో చిన్న మూట ఉంది, ఆవాల కంటె సన్నగ, నల్లగ, నిగనిగ మెరుస్తున్నయ్, తోటకూర గింజలు కావొచ్చు అనుకుంటున్నం.

ఇప్పుడు మా గ్రూపుల లొల్లి ఏందంటే, సగం మంది యూట్యూబ్ చూసి వసంతకాలమంటెనే ఇత్తే టైము, అన్ని ఈ ఆదివారమే పెట్టేద్దాం అంటున్నరు. మా నాయినేమో మృగశిర పడకముందు పెడితె పిట్టలకు ఏసినట్టే అంటడు. బోరు ఉంది కని నీళ్లు ఉప్పగుంటయ్, పారిన కాడ తెల్లగ పేరుకుంటది. ఇత్తనాలు ఒక్కో రకం గుప్పెడు కూడ లేవు. పోతె మళ్ల దొరకయ్. ఏం చెయ్యమంటరు?

చల్క చేను, అచ్చంపేట

తమ్మీ, మీ నాయిన మాట ముప్పావు కరెక్టు, యూట్యూబోళ్ల మాట పావు కరెక్టు. ఆ వీడియోలు మంచు పడే దేశాలయి. ఆడ చలికాలమంత నేల గడ్డకట్టి ఉంటది, మంచు కరిగి మట్టి జర వెచ్చబడితెనే గింజ మొలుస్తది, గందుకే వాళ్లకు మార్చి ఏప్రిల్ వచ్చిందంటే అంత ఆరాటం. మనకు మట్టి వేడికి ఏం కొదవ, తేమకే కరువు. మీ నల్లగొండల మే నెల 44, 45 కొడతది, రోహిణికి రోళ్లు పగులుతయ్ అని ఊకెనే అన్నరా.

ముందుగాల చెప్పేది ఒక్కటే, ఆదివారం నాడు మూటలన్ని ఇప్పి మట్టిల పొయ్యకుండ్రి. ప్రతి రకంల సగం తీసి గాజు సీసాల పోసి మూత గట్టిగ పెట్టి చీకటి మూలకు పెట్టు, అది కూడ ఒక్క ఇంట్ల కాదు, రెండిండ్లల్ల. ఒకరింట్ల ఎలుక కొట్టినా ఇంకొకరింట్ల ఉంటది. మిగిలిన దాంట్లకెంచి పదేసి గింజలు తడిగుడ్డల చుట్టి ప్రాణం ఉందో లేదో చూడు. బీర, ఆనిగె పెచ్చు గట్టిది, ఒక రాత్రి నానబెట్టినంకనే గుడ్డల చుట్టు, వారం పది రోజులు తొందరపడకు. మంచిగ ఎండబెట్టినయైతె తీగ జాతి గింజలు నాలుగైదేండ్లు కూడ ఆగుతయ్, అమ్మమ్మ బూడిదల పెట్టిందంటే పని తెలిసిన మనిషే. పదిల ఏడెనిమిది మొలిస్తె రంది లేదు. మొలిచినయి పారెయ్యొద్దు సుమా, చిన్న కవర్లల్ల మట్టి పోసి పెట్టుకో, అవే నీ మొదటి మొక్కలు.

ఇగ ఏది ఇప్పుడు ఏది తర్వాత అంటే, గోకర ఎండకు గట్టిది, పెట్టు. పుంటికూర పెట్టు. బుడమ పెట్టు. బీర, ఆనిగె అసలైతే జనవరి, ఫిబ్రవరిలనే పడాల్సినయి, ఇప్పుడు పెడితె ఎండకు మగ పూలే దండిగ పూసి పిందె తక్కువ పడ్తది, అయినా రెండు గుంతలు పెట్టి చూడు, తప్పు లేదు. వంకాయ నారు మే ఆఖరుకు నీడపట్టున పోసుకుంటె జూన్ ఆఖరుకు నాటొచ్చు.

అనుములు మాత్రం ముట్టుకోకు. నాటు అనుము పొద్దు చిన్నగైతెనే పూస్తది. ఇప్పుడు పెడితె తీగ పందిరంత అల్లుకొని ఆకులే ఆకులు, పువ్వు మొఖం చూడవు, నీళ్లు దండుగ. ఆషాఢ, శ్రావణాలల్ల పెడితె సంక్రాంతికి కాయ. నేను పట్నం నుంచి వచ్చిన కొత్తల ఎండకాలం పెట్టి, ఇత్తనం మంచిది కాదని ఇచ్చిన ముసలాయనతోని పంచాయితి కూడ పెట్టుకున్న, ఇప్పుడు తలుచుకుంటె సిగ్గయితది.

కోతుల బాధితుడు, మిర్యాలగూడ

అన్ని మంచిగనే చెప్పిండ్రు కని కోతుల ముచ్చట ఎవ్వరు తీస్తలేరేంది? పోయినేడు మా డాబా మీద సొరపిందెలు ఇరవై రెండు లెక్కపెట్టుకున్న, తెల్లారి లేచేసరికి ఒక్కోదాన్ని ఒక్క కొరుకు కొరికి పారేసి పోయినయ్. తిన్నా ఇంత బాధ లేకుండె. మా దిక్కు అవి ముట్టనియి మిరప, పుంటికూర, కాకర. గోకర కూడ పెద్దగ ముట్టయ్. బీర, టమాట, ఆనిగె మీద ఆశ ఉంటే పైన వల లేకుండ పెట్టకు అన్నా.

దేవరకొండ టీచరమ్మ

అచ్చంపేట అన్న మొలకల సంగతి చెప్పారు, నేను ఆ తర్వాతది చెప్తాను, ఎందుకంటే మా బడి తోటలో నేను రెండేళ్లు మోసపోయింది అక్కడే. ఇత్తనం మొలిచింది, కాయ కాసింది, మళ్లీ దాని ఇత్తనం దాచాం, తర్వాతేడు వేస్తే పొట్టి బీర కాస్తా సాగింది, ఆకారం మారింది, ఎందుకో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, గోడవతల ఇంట్లో వాళ్లు ప్యాకెట్ బీర పెట్టారు, తేనెటీగ అక్కడి పుప్పొడి తెచ్చి ఇక్కడ పెట్టింది. తీగ జాతులన్నీ ఇట్లాగే. బీరకు బీరే, ఆనిగెకు ఆనిగే కలుస్తుంది, బీర ఆనిగె ఒకదానికొకటి కలవవు, ఆ భయం వద్దు. కానీ ఒకే జాతిలో రెండు రకాలుంటే అర కిలోమీటరు దూరమన్నా ఉండాలంటారు, కాలనీలో అదెక్కడ కుదురుతుంది. కాబట్టి పువ్వును మనమే కాపాడుకోవాలి. బీర, ఆనిగె పువ్వు పొద్దూకే వేళ విచ్చుకుంటుంది. ఆ రోజు విచ్చుకోబోయే ఆడమొగ్గను, కింద చిన్న పిందె ఉంటుంది కదా అదే ఆడది, దాన్నీ ఒక మగమొగ్గనూ మధ్యాహ్నమే పల్చని బట్ట సంచిలో కట్టేయండి. సాయంత్రం విచ్చుకోగానే మగపువ్వు తెంపి ఆడపువ్వు మధ్యలో రుద్ది మళ్లీ సంచి కట్టేయండి. వీలైతే మగపువ్వు వేరే పాదుది తీసుకోండి, అదే రకంలో. గోకర, అనుముల్లాంటి చిక్కుడు జాతికి ఇంత తిప్పలు లేదు, చాలావరకు తనలో తనే పుప్పొడి పడుతుంది. వంకాయ, బెండ మధ్యరకం, కొంచెం కలుస్తాయి, వాటికీ మొగ్గకు సంచి కడితే చాలు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆనిగెపుకాయ వండేముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుంటే ఊసేసి కాయ పారేయండి, ఆ పాదు ఇత్తనం కూడా దాచొద్దు. చేదు ఆనిగె తింటే వాంతులు, విరేచనాలు అయి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

చివరగా ఒక బాధ చెప్పుకుంటాను. ఇత్తనానికని పాదుకు మొదటి మంచి కాయ వదిలేశాం, పిల్లలందరికీ చెప్పాం, అది ముదురుతుందని నేను రోజూ పోయి చూసి మురిసిపోయేదాన్ని. సెలవుల తర్వాత వచ్చి చూస్తే లేదు. ఎవరో పప్పులో వేసుకున్నారట, ముదిరిపోతుంటే వేస్టని! ఆ రోజు నుంచి ఇత్తనం కాయకు ఎర్రగుడ్డ కడుతున్నాం. తొమ్మిది ఇళ్లవాళ్లు కలిసి పెడుతున్నారు కదా తమ్ముడూ, ఎరువు కంటే ముందు ఎర్రగుడ్డ కొనుక్కోండి.

జల్ది పని, మహబూబ్‌నగర్

ఇంత తిప్పలెందుకు బ్రో, నాటు నాటు అని ఒక ఫ్యాషన్ అయిపోయింది. షాపుల ముప్పై నలభై రూపాయలకు హైబ్రిడ్ ప్యాకెట్ తెచ్చి పడేస్తే రెట్టింపు కాయ. సెంటిమెంటు వేరే, కూర వేరే.

ఇత్తనాల షాపుల కొలువు, గద్వాల

జల్ది పని అన్న, నేను ఆ ప్యాకెట్లు అమ్మే షాపులనే పని చేస్తున్న కాబట్టి కోపానికి రాకు. హైబ్రిడ్ కాపు ఎక్కువే, కాదనను. కని దాని గింజ దాచి మళ్ల ఏస్తె తల్లి లెక్క రాదు, ఒక్కో మొక్క ఒక్కో తీరు వస్తది, ఏటేటా కొనాల్సిందే. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటె హైబ్రిడ్. సర్కారు పరిశోధన సంస్థల నుంచి పూసా, అర్క పేర్లతోని వచ్చేవాట్ల హైబ్రిడ్ కాని మామూలు రకాలు కూడ మస్తున్నయ్, వాటి గింజ మల్ల దాచుకోవచ్చు, కాబట్టి షాపుది అన్నది అంత చెడ్డదేం కాదు, నాటుది అన్నది అంత బంగారమేం కాదు. తమ్మి దగ్గర ఉన్నది మాత్రం ఏ షాపుల దొరకదు, గదొక్కటే తేడా.

టీచరమ్మ చెప్పిన సంచి పని మా గద్వాల దిక్కు చిన్న పిల్లగాడిని అడిగినా చెప్తడు, ఎందుకంటే పత్తి ఇత్తనం చేన్లల్ల ఇదే పని. పొద్దూకి మొగ్గ ఇప్పి పుప్పొడి కాడలు గీరేస్తరు, తెల్లారి వేరే రకం పువ్వు తెచ్చి రుద్దుతరు, అట్ల రెండు రకాలు కలిపితె హైబ్రిడ్. మీరు చేసేది గా చేతిపనే, కని అదే రకం పుప్పొడి పెడుతున్నరు కాబట్టి నాటుది నాటుదే ఉంటది. మా అమ్మ ఇరవై ఏండ్లు పత్తి పువ్వులు గీరింది, మా ఇంట్ల బీరకు సంచి కట్టుమంటె నవ్వింది, ఇది కూడ ఒక పనేనా అని.

ఇంకోటి, ఇట్ల ఇత్తనం పక్కోళ్లకు ఇస్తె కేసు అయితదా అని షాపుల మస్తుమంది అడుగుతరు. కాదు. 2001 మొక్కల రకాల చట్టంల రైతు తన పంట ఇత్తనం దాచుకోవచ్చు, మళ్ల ఏసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడ అని రాసి ఉంది, బ్రాండు పేరు పెట్టి అమ్మొద్దు గంతే.

చల్క చేను, అచ్చంపేట

ఉప్పు నీళ్ల సంగతి మర్చిపోయిన. చిక్కుడు, అనుములకు ఉప్పు పెద్దగ పడదు, మొలక ఆకుల అంచులు మాడితె అదే కారణం. పాలకూర తట్టుకుంటది. వాన నీళ్లు డాబా మీదికెంచి డ్రమ్ములకు పట్టుకునే ఏర్పాటు వానకాలం కంటె ముందే చేసుకోండ్రి. ఇప్పటికైతే కాల్చిన మట్టి కుండ మెడదాక పాతిపెట్టి నీళ్లు నింపి మూత పెట్టు, చుట్టు నాలుగు గింజలు. కుండ చెమరిస్తె వేరుకు చాలు, పైన మట్టి తడవదు కాబట్టి తెల్లగ పేరుకునుడు కూడ తక్కువ. రంగేసిన కుండ కాదు సుమా. మట్టి మీద వరిగడ్డో పల్లిపొట్టో పర్వు.

ఇంకా, ఆ నల్ల గింజలు తోటకూర అని వండుకునేరు, ఆగుండ్రి. చిటికెడు మొలిపించి మీ అమ్మకు చూపించు.

పానగల్ పోరడు, నల్లగొండ

అందరికి మస్తు థ్యాంక్స్, పదహారు రోజులైంది, లెక్క చెప్తున్న. గోకర పదికి తొమ్మిది. పుంటికూర పదికి పది. ఆనిగె పదికి ఆరు, కాయ పలగ్గొడితె అరచేతుల పట్టనన్ని గింజలు. బుడమ ఏడు. పొట్టి బీర మూడే, గందుకే ఆ మూడు మొక్కలకు ఇప్పుడు ఇంట్ల వీఐపీ సెక్యూరిటీ, వంటింటి కిటికీల పెట్టినం. వంకాయ ఇంక ఒక్కటి కూడ రాలే, మా అమ్మ ఆగమంటున్నది. అనుములు ముట్టుకోలే అన్నా, సీసాల ఉన్నయ్, ఒకటి మా ఇంట్ల, ఒకటి ఎదురింటి ఆంటీ దగ్గర. ఎర్రగుడ్డ రెండు మీటర్లు కొన్న. కోతులకు వల రేటు అడిగితె గుండె ఆగింది, తొమ్మిది ఇండ్లకు పంచితె పర్వాలేదు.

గా నల్ల గింజలు మొలిచినయ్. మొదట తోటకూర లెక్కనే కనపడ్డది, ఎదురింటి ఆంటీ తెంపి పప్పుల ఏద్దామని కూడ అన్నది. మా అమ్మ వచ్చి చూసి, ఇది సీతజడ, అమ్మ బతుకమ్మకు ఏసేది, మా పెండ్లయిన కొత్తల మా అత్తగారింటికి కూడ పొట్లం కట్టి పంపింది అన్నది, అని లోపలికి పోయింది. బతుకమ్మకు పూయాలంటె ఎప్పుడు చల్లాలె, ఎవరికన్న తెలుసా?

దేవరకొండ టీచరమ్మ

జూన్ ఆఖరు, జూలై మొదట్లో చల్లండి. మాకు కూడా ఒక పొట్లం పంపగలరా తమ్ముడూ, బదులుగా ముద్దబంతి ఇత్తనం ఇస్తాను.