కిడ్నీ మార్పిడి తర్వాత మూత్రనాళం సన్నబడింది: బెలూనా, మళ్లీ ఆపరేషనా?

మా అన్నయ్యకు అమ్మ కిడ్నీ ఇచ్చింది. మొదట్లో అంతా బాగానే ఉంది. మూత్రనాళం తెరుచుకుని ఉండేలా లోపల పెట్టిన డీజే స్టెంట్ (సన్న గొట్టం) తీసేశాక, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే పెరిగే వ్యర్థం) మెల్లగా పెరగడం మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు. మార్చిన కిడ్నీకి నరాల సంబంధం తెగిపోతుంది కాబట్టి మూత్రం అడ్డుపడినా నొప్పి తెలియకపోవచ్చట. మేం రిజెక్షనేమోనని, అంటే కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొడుతోందేమోనని హడలిపోయాం. స్కాన్‌లో కిడ్నీ ఉబ్బి ఉంది, కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళం మూత్రాశయంతో కలిసే చోట సన్నబడింది అన్నారు. ఆ చివరకు రక్తం సరిగా అందకపోతే ఇలా అవుతుందట. బీకే అనే వైరస్ వల్ల కూడా నాళం సన్నబడొచ్చట, ఆ పరీక్ష కూడా చేశారు, నెగెటివ్.

ఇప్పుడు మూత్రం నేరుగా బయటి సంచిలోకి వచ్చేలా పొట్ట మీంచి కిడ్నీలోకి నెఫ్రోస్టమీ గొట్టం వేశారు. క్రియాటినిన్ దిగింది, ప్రాణం కుదుటపడింది. కానీ అన్నయ్య పక్కకు ఒత్తిగిలితే గొట్టం మడతపడి సంచిలోకి చుక్క రాదు. రాత్రిళ్లు లేచి సరిచేస్తున్నాం.

ఒక డాక్టరు బెలూన్‌తో వెడల్పు చేసి స్టెంట్ పెడదామంటున్నారు. ఇంకొకరు నాళాన్ని మళ్లీ కుట్టడమే మేలంటున్నారు. అమ్మ ఇచ్చిన కిడ్నీ, ఎలాగైనా కాపాడుకోవాలి. బెలూన్ చేయించుకున్నవాళ్లకు మళ్లీ సన్నబడిందా? ఆపరేషన్ అయినవాళ్లు ఎలా కోలుకున్నారు? గొట్టం ఉన్నన్నాళ్లూ ఇన్ఫెక్షన్ రాకుండా ఏం జాగ్రత్తలు తీసుకున్నారు? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.