‘మొగ్గ కాదు మోదుగనీడ’: ఈ ‘కాదు’కు బొమ్మ ఎలా వేయాలి?

రోజుకొక పాత పిల్లల పాటకు బొమ్మ వేయాలని పందెం పెట్టుకున్నవారికి ‘చందమామ రావే’ వంటివి సులువుగానే లొంగుతాయి. కొండ, బండి, గోగుపూలు, బంతిపూలు అన్నీ కంటికి ఆనేవే. ‘కాళ్ళా గజ్జా కంకాళమ్మ’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చేయి ఆగిపోయింది. ‘వేగుచుక్క వెలగమొగ్గ, మొగ్గ కాదు మోదుగనీడ, నీడ కాదు నిమ్మలబావి’ అంటూ ప్రతి పాదమూ తన ముందున్నదాన్ని కాదనుకుంటూ పోతుంది. మొగ్గను గీసి దానిమీద అడ్డగీత కొట్టి చూశాను. తప్పులు దిద్దిన పలకలా ఉంది తప్ప పాటలా లేదు.

ఇక్కడి ‘కాదు’ నిరాకరణ కోసం వచ్చినది కాదనీ, ముందు మాటను వదలకుండా పట్టుకోవడానికి వచ్చినదనీ నా అభిప్రాయం. విడిచిన పదంతోనే తర్వాతి పాదాన్ని ఎత్తుకోవడాన్ని మన ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. అలా ఎత్తుకున్న పదం తన జతను అర్థాన్ని బట్టి కాక యతిని బట్టి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే అక్షరపు జతను బట్టి, పిలుచుకుంటుంది. మొగ్గకు మోదుగ, నీడకు నిమ్మ, మీసానికి మిరియం వినగానే తెలుస్తాయి. ‘బావి కాదు వావింటికూర’ అన్నచోట బ–వలకు, ‘కూర కాదు గుమ్మడిమీసం’లో క–గలకు, ‘పోతు కాదు బొమ్మలశెట్టి’లో ప–బలకు కూడా ఛందస్సు ఒప్పుకునే మైత్రి ఉంది, అచ్చులూ కలిశాయి. ఛందస్సు నియమాలు చెప్పే లక్షణగ్రంథం ముఖం చూడని నోళ్ళలో నలిగిన పాట ఇంత లెక్కగా నడుస్తుందని, బొమ్మ కోసం పాదాలు విడగొట్టుకునేదాకా నేను గమనించనే లేదు. పాట నేను నేర్చుకున్న రూపంలో యతి తప్పినది ఒక్కచోటే: ‘శెట్టి కాదు శామమన్ను’లో హల్లు కలిసింది గాని, ఎత్వానికీ ఆత్వానికీ స్వరమైత్రి, అంటే అచ్చుల పొత్తు, లేదు.

అంతమాత్రాన ఇవి చెవికి తప్ప కంటికి పనికిరాని మాటలని అనలేం. మోదుగ అనగానే నేను మొదట ఎర్రపూలు వేశాను. ఆ చెట్టు ఆకు రాల్చుకున్నాకనే విరగబూస్తుంది. పాట అడిగినది పువ్వును కాదు, నీడను. చెరిపేసి, మూడేసి ఆకుల గుత్తులు దట్టంగా వేయాల్సి వచ్చింది. గుమ్మడిమీసం ఉత్త అల్లిబిల్లి మాట అనుకునేవాణ్ని. గుమ్మడిపాదులో ఆకుకాడ పక్కనుంచి బయలుదేరి, పాయలుగా చీలి, కొసలు చుట్టుకునే నులితీగను ఒకసారి దగ్గరగా చూడండి. దువ్వి మెలేసిన మీసమే అది. పాట కట్టినవారి మనసులో అదే ఉందని వాదించను గాని, నా బొమ్మకు అంతకంటె మంచి ఆధారం దొరకలేదు.

చివరికి అడ్డగీతలు మానుకొని, బొమ్మలన్నిటినీ ఒకే పొడవాటి కాగితం మీద గొలుసుగా వేస్తున్నాను. మొగ్గ అంచుగీతే సాగి మోదుగ ఆకు అవుతుంది, చెట్టు నీడ గుండ్రమే బావి గట్టు అవుతుంది. చెవిలో యతి చేసే పనిని కాగితం మీద ఆ గీత చేయాలని నా ప్రయత్నం. శెట్టికీ శామమన్నుకూ మధ్య మాత్రం గీతను కలపకుండా బొటనవేలంత ఖాళీ వదిలిపెట్టాను.