కొత్త ఫోన్ సంగతి తర్వాత, మీ పాత ఫోన్ మిమ్మల్ని ఎక్కడ సతాయించిందో చెప్పండి

పరకాల_పోరడు
అందరికీ నమస్తే. మా బాపుకు ఫోన్ కొనాలి. పదిహేను వేల దాకా పెట్టగలను, మహా అయితే ఇంకో వెయ్యి. నిన్న హన్మకొండ చౌరస్తాలో నాలుగు షాపులు తిరిగాను, నాలుగింట్లో ఒకటే పాట: ‘యాభై మెగాపిక్సెల్ అన్నా, ఎనిమిది ప్లస్ ఎనిమిది ర్యామ్ అన్నా’. మా బాపు ఫోటో తీసేది ఏడాదికి రెండుసార్లు, అది కూడా లెన్స్‌కు వేలు అడ్డం పెట్టి.

పాత ఫోన్ ఎట్ల పోయిందంటే, పత్తి ఏరేటప్పుడు అంగీ జేబులో ఉండేది. ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో దూది పేరుకుపోయి పిన్ను లోపలికి దిగడం లేదని ఆయన దబ్బనం పెట్టి గెలికాడు. లోపల సన్నటి నాలుకలాంటిది ఉంటుంది కదా, అది విరిగింది. సరిగ్గా పత్తి అమ్మే టైముకు. ఇప్పుడు సీసీఐకి (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ పెట్టుకోవాలి, ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. సిమ్ తీసి నా ఫోన్లో వేసుకుని, బాపు ఊళ్లో, నేను హన్మకొండలో, ఓటీపీ వచ్చినప్పుడల్లా ఊళ్లో ఎవరిదో ఫోన్‌కు చేసి చదివి చెప్పడం... రెండు రోజులు అదే పని.

అందుకే ఏ ఫోన్ మంచిది అని అడగడం లేదు. మీరు మీ పాత ఫోన్‌ను ఎందుకు పక్కన పడేశారో చెప్పండి, దాన్నిబట్టి నేను చూసుకుంటా.

తాడ్వాయి_టీచరమ్మ
సిగ్నల్ తమ్మీ. మిగతావన్నీ దాని తర్వాతే.

నేను రోజూ వెళ్లే బడి తాడ్వాయి అడవిలో ఒక గూడెంలో ఉంది. అక్కడ బీఎస్ఎన్ఎల్ తప్ప ఇంకోటి అందదు. మా సార్ ఫోన్లో రెండు గీతలు వచ్చేవి, అదే కంపెనీ సిమ్ ఉన్న నా ఫోన్లో గుండు సున్నా. సిమ్ పాడైందేమో అనుకుని కొత్తది తెచ్చుకున్నా, అదే కథ. ఒకరోజు విసుగొచ్చి నా సిమ్ తీసి సార్ ఫోన్లో వేస్తే టక్కున పట్టింది. అంటే తప్పు సిమ్‌ది కాదు, టవర్‌ది కాదు, నా ఫోన్‌దే. మా తమ్ముడు బయటి దేశం నుంచి తెచ్చి ఇచ్చాడది, చూడడానికి అద్దంలా ఉండేది. బీఎస్ఎన్ఎల్ 4జీ నడిచేది ముఖ్యంగా 700 మెగాహెర్ట్జ్ మీద (దాన్ని బ్యాండ్ 28 అంటారు), ఇంకా 2100 మీద. నా దాంట్లో 28 లేనేలేదు. ఆ 700 అనేది దూరం పోతుంది, చెట్లను, గోడలను కొంచెం బాగా దాటుతుంది, అందుకే మాలాంటి చోట్ల అదే ఆధారం. జియో 5జీ కూడా 700 వాడుతుంది, దానికి ఎన్28 అని రాస్తారు.

కంపెనీ వెబ్‌సైట్‌లో నువ్వు కొనాలనుకునే మోడల్ కింద బ్యాండ్ల వరుస ఉంటుంది, చూసుకో. అంతకంటే సులువు, మీ ఊళ్లో ఆ మోడల్ ఎవరి దగ్గరుందో కనుక్కుని మీ బాపు సిమ్ అందులో వేసి, మీ ఇంటి వెనక గదిలో నిలబడి ఒక కాల్ చేసి చూడు. రోడ్డు మీద కాదు, గదిలో.

కేయూ_హాస్టల్
మేడం చెప్పింది అడవికి కరెక్ట్, కానీ పరకాలలో అన్ని సిగ్నళ్లూ వస్తాయి కదా. నా పాత ఫోన్ పోయింది స్లో అయ్యి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. యూపీఐ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉండేది, వెనక క్యూలో వాళ్లు నన్ను తిడుతూ ఉండేవాళ్లు, టీ కొట్టు ముందు ఇజ్జత్ పోయింది. ప్రాసెసర్, ర్యామ్ చూడు అన్నా. 120 హెర్ట్జ్ డిస్‌ప్లే (తెర మీద బొమ్మ సెకనుకు 120 సార్లు మారేది) ఒక్కసారి వాడితే మళ్లీ 60కి రాలేవు.

పరకాల_పోరడు
తమ్మీ, మాది పరకాల టౌన్ కాదు, ఇంకా లోపలికి. ఇంట్లో కాల్ వస్తే బాపు వాకిట్లోకి ఉరుకుతాడు.

సెల్_వైద్యుడు
వరంగల్ చౌరస్తా దగ్గర పన్నెండేళ్లుగా రిపేర్ చేస్తున్నా, కొంచెం పొడుగ్గా రాస్తా, ఏమనుకోకండి.

ముందు ఆ దూది సంగతి. సీజన్‌లో నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఇదొక రకం. పోర్ట్ పోయిందని వస్తారు, సగం వాటికి పోర్ట్ బాగానే ఉంటుంది. టార్చ్ వేసి చూస్తే లోపల అడుగున దూది, చెమట, మట్టి కలిసి గట్టి ముద్దలా అతుక్కుని ఉంటుంది. ఫోన్ ఆపేసి, పళ్లు కుట్టుకునే కట్టెపుల్లతో ఒక పక్క నుంచి మెల్లగా లేపితే ముద్ద ముద్దే బయటికొస్తుంది. దబ్బనం, పిన్నీసు పెట్టొద్దు. ఐదు నిమిషాల పని, నేను చాలామంది దగ్గర పైసలు కూడా తీసుకోను. కొనేటప్పుడే పోర్ట్‌కు మూత ఉన్న రబ్బరు కవర్ తీసుకోండి, బాపుకు అది యాభై మెగాపిక్సెల్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఎనిమిది ప్లస్ ఎనిమిది అంటే పదహారు కాదు. రెండో ఎనిమిది మీ స్టోరేజ్‌లోంచి అప్పు తీసుకున్నదే, అసలు ర్యామ్ అంత వేగం దానికి రాదు. 64 జీబీ ఫోన్లో అది ఆన్ చేస్తే ఉన్న జాగా కూడా పోతుంది. అసలు ర్యామ్ 6, స్టోరేజ్ 128 ఉంటే చాలు, ఆ స్టోరేజ్ కూడా వేగంగా నడిచే యూఎఫ్ఎస్ రకమైతే మంచిది, ఈఎమ్ఎమ్‌సీ రకం అయితే ఏడాది తిరిగేసరికి నత్తలా నడుస్తుంది. కేయూ తమ్ముడి ఫోన్ స్లో అవడానికి ర్యామ్‌తో పాటు వాట్సాప్‌లో పేరుకున్న గుడ్ మార్నింగ్ ఫోటోలు కూడా కారణమే, పందెం.

వెనక నాలుగు కళ్లుంటే నాలుగు కెమెరాలు అనుకోకండి. 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ అని పెట్టేవి లెక్క కోసమే. 50 మెగాపిక్సెల్ కూడా మామూలుగా నాలుగు చుక్కలను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తుంది.

ఇక డిస్‌ప్లే. నా గల్లా నిండేది దీనివల్లే, కాబట్టి నిజం చెప్తున్నా. అమోలెడ్ రకం తెర బాగుంటుంది, కానీ పగిలితే మామూలు ఎల్‌సీడీ తెరకు అయ్యే ఖర్చుకు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి. అంచులు వంగిన డిస్‌ప్లే చేను పనికి వద్దే వద్దు. కొనే ముందు నాలాంటోడిని ఎవరినైనా ఒక మాట అడగండి: ఈ మోడల్ డిస్‌ప్లే, బ్యాటరీ వరంగల్‌లో దొరుకుతాయా అని. ఒకాయన ఆన్‌లైన్‌లో ఏదో కొత్త కంపెనీది తక్కువకు కొన్నాడు, పగిలింది, గ్లాస్ కోసం నలభై రోజులు ఆగాడు. ఆగి ఆగి చివరికి ఇంకో ఫోన్ కొన్నాడు.

ఎనుమాముల_గుమాస్తా
సెల్ డాక్టరన్నా, ఎల్‌సీడీ చవకే, కానీ ఎండలో ఏం కనబడుతుంది? నేను మార్కెట్ యార్డులో అడ్తి (కమీషన్ ఏజెంటు) దగ్గర పని చేస్తా. మిర్చి సీజన్‌లో పొద్దంతా బస్తాల మధ్యలోనే ఉంటాం. రైతు తక్‌పట్టీ (పంట అమ్మిన లెక్క చీటీ) ఫోటో తీసుకుని ఇంటికి పంపాలంటే ఫోన్‌ను తువ్వాల కింద పెట్టుకుని చూసుకుంటాడు, పెళ్లికూతురు ముసుగేసుకున్నట్టు. నా పాతది అట్లనే ఉండేది. ఒకసారి ఎండలో అంకె సరిగ్గా కనబడక ఫోన్‌పేలో సున్నా ఒకటి ఎక్కువ కొట్టా. అవతలాయన మంచోడు కాబట్టి తిరిగి ఇచ్చాడు.

నిట్స్ అని ఉంటుంది చూడండి, వెలుతురు లెక్క. 3000 నిట్స్ పీక్ అని పెద్దక్షరాల్లో వేస్తారు, అది తెర మీద ఏదో చిన్న ముక్కకు, కొద్దిసేపు వచ్చే వెలుగు. చూడాల్సింది హెచ్‌బీఎమ్ అంకె, ఎండలో తెర మొత్తం ఎంత వెలుగుతుందో చెప్పేది. వెయ్యి దగ్గర ఉంటే మాకు సరిపోతుంది. అంకెలు వద్దనుకుంటే షాపోడిని అడిగి ఫోన్ పట్టుకుని మధ్యాహ్నం పన్నెండింటికి రోడ్డు మీదికి రండి. లోపల ఏసీ లైట్ల కింద అన్ని ఫోన్లూ అందగత్తెలే.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
వేడి గురించి ఎవరూ రాయలేదేంది? మా దగ్గర మే నెలలో 45 దాటుతుంది. ఫోన్ మాన్యువల్ ఎప్పుడైనా చదివారా, చాలావాటిలో 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఉంటుంది. 35 మాకు శివరాత్రి తర్వాతే అయిపోతుంది! బొగ్గుబావి లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి నాది బండి డిక్కీలోనే ఉండేది, ఎనిమిది గంటలు రేకుల షెడ్డు కింద. రెండు ఎండాకాలాలకే బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. ఆ ఉబ్బిన ఫోన్ చూసి కూడా మా ఆవిడ ఇంకో నెల వాడుకోవచ్చు కదా అంది, అట్లాంటి పని మాత్రం చేయకండి.

ఇప్పుడు నేను చూసేది పెద్ద బ్యాటరీ, మామూలు ఛార్జింగ్. పదిహేను వేల లోపే 6000, 7000 ఎంఏహెచ్ వస్తున్నాయి. అరగంటలో నిండాలని తొందరేం లేదు నాకు, వేడెక్కకుంటే చాలు. ఒక మాట, పెట్టెలో ఛార్జర్ ఉందో లేదో చూడండి, కొన్నింటిలో వైరు ఒక్కటే పెడుతున్నారు.

కేయూ_హాస్టల్
అన్నలందరూ కలిసి నన్ను చిన్న పిల్లాడిని చేశారు 😄 సరే, ఒకటి మాత్రం నా మాట వినండి: అప్‌డేట్లు. ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్ ఇస్తారో కంపెనీనే చెప్తుంది. పిక్సెల్ 8 నుంచి గూగుల్ ఏడేళ్లు అంటోంది, తక్కువ రేటువాటిలో రెండేళ్లతో ఆపేసేవి ఇంకా ఉన్నాయి. బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌ను ఒకరోజు బయటికి నెట్టేస్తాయి, ఫోన్ బాగానే ఉంటుంది కానీ పైసలు పంపలేం. మా అమ్మ ఫోన్ అట్లనే పోయింది.

జగిత్యాల_అక్క
మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. అక్కడ వాట్సాప్ కాల్ నడవదు, మేం బోటిమ్ అనే యాప్‌లో మాట్లాడుకుంటాం. కాబట్టి మాకు కావాల్సింది ముందు కెమెరా, స్పీకర్, మైకు. స్పీకర్ అంటే పాటలకు కాదు. మా అత్తమ్మకు చెవి కొంచెం తక్కువ, ఫోన్ చెవికి పెట్టుకుంటే ఆయన మొఖం కనబడదు, మొఖం చూస్తే మాట వినబడదు. ఇద్దరం కలిసి ఒక పాత ఫోన్‌తో మూడేళ్లు ఆ కుస్తీ పట్టాం. షాపులో పాట పెట్టి సౌండ్ చూపిస్తారు, అది కాదు, అక్కడి నుంచే ఎవరికైనా వీడియో కాల్ చేసి రోడ్డు చప్పుడులో వినండి.

ఇంకోటి, గల్ఫ్ నుంచి ఫోన్ వస్తుందని సంబరపడకండి. ఆయన పంపిన ఒకదానికి రీజియన్ లాక్ ఉండింది, ముందు అక్కడి సిమ్‌తో కొంతసేపు మాట్లాడితేనే ఇక్కడి సిమ్ తీసుకునే రకం. ఆయన సీల్ కూడా విప్పకుండా పంపారు, కొత్తదని మురిపెంగా. మళ్లీ దుబాయ్ పోయే మనిషి దొరికి, పోయి, తిరిగొచ్చేదాకా అది బీరువాలోనే ఉంది. వారెంటీ కూడా ఇక్కడ చెల్లదన్నారు.

నయీంనగర్_నాలా
నాది నీళ్లలో పోయింది, పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. 2023 జూలై వానలు. ఐపీ68 (దుమ్ము, నీళ్లు ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని ధైర్యంగా ఉన్నా. అది మంచినీళ్లలో, ల్యాబ్‌లో చేసే పరీక్ష, మామూలుగా మీటరున్నర లోతు, అరగంట అంటారు. నాలా బురదకు ఆ లెక్క వర్తించదు. పైగా నీళ్లు పోతే వారెంటీ ఇవ్వమని కాగితంలోనే రాసి ఉంది, నేను చదవలేదు. బాపుకు ఐపీ64 చాలు, వాన తుంపర ఆగుతుంది. పొలానికి పోయేటప్పుడు పాలిథిన్ కవర్ ఎట్లాగూ ఉంటుంది.

కాజీపేట_ప్యాసింజర్
పెట్టె పారేయకండి. రైల్లో నా ఫోన్ కొట్టేశారు, ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు నంబరు) పెట్టె మీద ఉంది కాబట్టి పోలీసు కంప్లైంట్ ఇచ్చి, పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేశా, నాలుగు నెలలకు దొరికింది. ఫోన్లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టినా ఆ నంబరు వస్తుంది, కానీ ఫోన్ పోయాక ఎక్కడ కొడతారు?

సెల్_వైద్యుడు
పరకాల తమ్మీ, ఏం తీసుకున్నవ్?

పరకాల_పోరడు
తీసుకున్నా. ముందే చెప్తే మీరందరూ కొట్లాడుతారని వారం ఆగా.

టీచరమ్మ చెప్పినట్టు మా బాబాయి కొడుకు ఫోన్లో బాపు సిమ్ వేసి వెనక గదిలోంచి కాల్ చేశా, మాట తెగలేదు. అదే మోడల్ ఖాయం చేశా, మోటోరోలా. ఎండలో చూశా. డిస్‌ప్లే దొరుకుతుందా అని చౌరస్తాలో ఇద్దరిని అడిగా, దొరుకుతుందన్నారు. పోర్ట్ మూత కవర్ మాత్రం ఆ మోడల్‌కు దొరకలేదు, వేరే చోట వెతుకుతున్నా.

బాపును కూడా షాపుకు తీసుకుపోయా. ఆయన నిట్స్ అడగలేదు, ర్యామ్ అడగలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని మొదట అన్నది ‘లైటు ఎట్ల వేస్తరు?’ అని. రాత్రి కరెంటు వస్తే మోటరు దగ్గరికి పోతాడు కదా, ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో ఫోన్. పాతదాంట్లో తెర తెరిచి, పైనుంచి కిందికి గుంజి, ఆ గుర్తు వెతికేలోపు తేలో పామో పోయేదట. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

సెల్_వైద్యుడు
అరే, మోటోరోలానే కదా! తెర తెరవాల్సిన పనే లేదు. ఫోన్ గట్టిగా పట్టుకుని గొడ్డలితో నరికినట్టు రెండుసార్లు ఊపమను, లైటు వెలుగుతుంది. మళ్లీ రెండుసార్లు ఊపితే ఆరిపోతుంది. రాకపోతే సెట్టింగ్స్‌లో జెస్చర్స్‌లో ఆన్ చేయి.

పరకాల_పోరడు
చేశా అన్నా. నిన్నటి నుంచి కల్లు మండువ దగ్గర ఫోన్ పట్టుకుని గాల్లో నరుకుతున్నాడు, పట్టపగలు. ఇంకో ముగ్గురు అదే ఫోన్ కావాలంటున్నారు.