అప్‌డేట్: హ్యాండిల్ మార్చకుండానే చేతుల తిమ్మిరి తగ్గింది

సైకిల్ తొక్కుతుంటే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయని, వెడల్పైన హ్యాండిల్ కొనాలా అని ఇంతకుముందు అడిగాను. కొందరు సూచించినట్లు ముందుగా సీటును పరిశీలిస్తే, దాని ముక్కు కిందికి వాలి ఉండటంతో శరీరం ముందుకు జారి, బరువంతా చేతుల మీద పడుతోందని తేలింది. సీటును మట్టానికి తెచ్చి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకునేంత ఎత్తులో బిగించాను. ఇప్పుడు ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు సహజంగా కొద్దిగా వంగుతోంది. 28 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్ల స్థానంలో 35వి వేసి (ఫ్రేములో చోటుంటేనే సుమా) గాలి కొంత తగ్గించడంతో గతుకుల అదురు చాలావరకు పోయింది. జెల్ సీటు కవరు మాత్రం తొడలకు ఒరుసుకోవడం వల్ల తీసేశాను. మణికట్టు వంగకుండా వేళ్లకు అందేలా బ్రేకు లివర్లను కిందికి తిప్పడం ఇంకా మిగిలి ఉంది.