మ్యూజిక్ వీడియో రఫ్ కట్‌పై వచ్చిన అభిప్రాయాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, వేటిని తీసుకోవాలి?

ప్రశ్న (మాస్ కమ్యూనికేషన్ చివరి సంవత్సరం విద్యార్థిని, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మేము నలుగురం కలిసి చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా ఒక మ్యూజిక్ వీడియో చేస్తున్నాం. పాట రాసింది, బాణీ కట్టింది, పాడింది మా బృందమే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో రాట్నం మీద నూలు వడికే ఒక పెద్దావిడ దినచర్య చుట్టూ ఆ పాట నడుస్తుంది. నిడివి 3 నిమిషాల 48 సెకన్లు. పొందూరులో రెండు రోజులు, పాడే దృశ్యాల కోసం కాలేజీ ఆవరణలో ఒక రోజు, అంతా ఫోన్లతోనే చిత్రీకరించాం.

రఫ్ కట్, అంటే తొలి విడత కూర్పు పూర్తయ్యాక దాన్ని యూట్యూబులో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవారికే కనిపించేలా) పెట్టి, ఒక గూగుల్ ఫారం జతచేసి స్నేహితులకూ, జూనియర్లకూ, మా ఇళ్లలోని వాళ్లకూ పంపాం. 31 మంది సమాధానం ఇచ్చారు. వారిలో 19 మంది ఐదుకు ఐదు మార్కులు వేసి ఊరుకున్నారు. మిగిలిన 12 మంది రాసిన మాటలే మాకు తేలని చిక్కు తెచ్చిపెట్టాయి. మొదటి 26 సెకన్లు, అంటే తెల్లవారుజామున వీధి, గుమ్మం, దీపం కనిపించే భాగం సాగదీసినట్టుందని ఏడుగురు అంటే, వీడియోలో అన్నింటికన్నా బాగున్నది అదేనని ఇద్దరు అన్నారు. మొదటి చరణంలో ఆవిడ నూలు వడుకుతారు. రెండో చరణంలో ఆవిడ చేతిలో ఉన్న వస్తువేమిటో తెలియలేదని నలుగురు రాశారు, ఒకరు దాన్ని దువ్వెన అనుకున్నారట. నిజానికి అది వాలుగ చేప దవడ ఎముక. పొందూరులో పత్తిలోని నలకలు తీసి, పోగులను సాపు చేయడానికి దాన్నే వాడతారు. మాకు ప్రాణంతో సమానమైన షాట్ అదే. చివరి పల్లవిలో పెదాల కదలిక పాటతో కలవలేదని ముగ్గురు ఫిర్యాదు చేశారు. లయ వేగం పెంచమనీ, డ్రోన్ షాట్లు చేర్చమనీ సలహాలు కూడా వచ్చాయి.

సమర్పించడానికి మూడు వారాలే గడువు ఉంది. ప్రేక్షకుల అభిప్రాయాలతో వీడియోను ఎలా మెరుగుపరచామో నివేదిక కూడా రాయాలి. ఎక్కువమంది చెప్పినదాన్నే పాటించాలా? ఆ 26 సెకన్లు తీసేయడానికి మాకు మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరని మనవి.

మొదటి సమాధానం (వీడియో ఎడిటర్, హైదరాబాద్)

అమ్మా, మీరు అడగవలసిన ప్రశ్న ఎంతమంది చెప్పారన్నది కాదు, వాళ్లకు ఎక్కడ తట్టుకుంది, ఎందుకు తట్టుకుంది అన్నది. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ దీనికి వైద్యం నుంచి ఒక పోలిక చెబుతారు. మోచేయి నొప్పి అంటూ వచ్చిన మనిషికి అసలు బాధ భుజంలో నలిగిన నరం వల్ల రావచ్చు, అటువంటప్పుడు మోచేతికి కత్తి పెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు. ప్రేక్షకుడు నొప్పి ఉందంటే నమ్మి తీరాలి, కానీ చికిత్స ఎక్కడ చేయాలో చెప్పే బాధ్యత అతని మీద పెట్టకూడదు.

మీ 26 సెకన్ల సంగతీ అలాంటిదే కావచ్చునని నా అనుమానం. వీధి, గుమ్మం, దీపం వరుసగా వస్తున్నాయి గానీ తాను దేనికోసం ఎదురుచూస్తున్నాడో ప్రేక్షకుడికి ఇంకా తెలియదు. దేనికోసమో తెలియని ఎదురుచూపు పది సెకన్లయినా పొడుగ్గానే అనిపిస్తుంది. కత్తిరించే ముందు ఒక ప్రయత్నం చేయండి: ఆ దవడ ఎముక క్లోజప్‌ను నాలుగైదు సెకన్ల పాటు అన్నింటికన్నా ముందు పెట్టి, ఆ తర్వాత వీధిని చూపించండి. అది ఏమిటన్న ప్రశ్నతో చూసేవాడికి అదే వీధి బరువుగా అనిపించకపోవచ్చు.

మరొక మాట. ఫారాన్ని పక్కన పెట్టి, వీడియోను ఇంతవరకు చూడని నలుగురిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, మీరు తెరను కాక వాళ్ల ముఖాలను చూడండి. చేయి ఏ క్షణంలో ఫోను మీదికి పోయిందో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. నాకు ఫారాలలో రాసిన పేరాల కంటే ఈ కాగితమే ఎక్కువసార్లు ఉపయోగపడింది. యూట్యూబ్ స్టూడియోలో వీక్షకులు ఎక్కడ వదిలేశారో చూపే గ్రాఫు ఉంటుంది గానీ, ముప్పై మంది చూసిన వీడియోకు దాని మీద ఆధారపడకండి. పైగా ఆ గీత ఎక్కడైనా పైకి లేస్తే సాధారణంగా అక్కడ వెనక్కి తిప్పి చూశారని అర్థం. నచ్చి చూశారో, అర్థంకాక చూశారో గ్రాఫు చెప్పదు.

రెండో సమాధానం (జర్నలిజం అధ్యాపకురాలు, విజయవాడ)

పై మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి తోడు మీ ఫారంలోని ప్రశ్నలను ఒకసారి సరిచూసుకోవడం మంచిది. "నచ్చిందా" అని అడిగితే మీ మీద ఆపేక్ష ఉన్నవారు నచ్చిందనే అంటారు. ఆ 19 మంది చేసింది అదే, అందులో వాళ్ల తప్పేమీ లేదు. "ఈ పాట ఎవరి గురించి?", "ఆవిడ ఏ పని చేస్తున్నారు?", "కళ్లు మూసుకుంటే మొదట గుర్తుకొచ్చే బొమ్మ ఏది?" అని అడిగి చూడండి. మీరు చెప్పదలచుకున్నది అవతలివారికి ఏ మేరకు చేరిందో ఆ జవాబులు చూస్తే తేలిపోతుంది.

తరగతిలో చర్చకు పెట్టేటప్పుడు నేను అమెరికన్ నృత్యదర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతిని అనుసరిస్తాను. ముందుగా చూసినవారు తమ మనసుకు తాకినదేమిటో చెబుతారు. తర్వాత కళాకారులు తమకున్న సందేహాలను వాళ్లను అడుగుతారు. ఆ పైన చూసినవారు తీర్పు కలపని ప్రశ్నలు వేస్తారు, అంటే "గది ఎందుకంత చీకటిగా ఉంచారు?" అని కాక "ఆ గది వెలుతురును ఎలా నిర్ణయించుకున్నారు?" అని అడగాలి. సలహాలు చివరన, అదీ కళాకారులు అనుమతిస్తేనే వస్తాయి. మా పిల్లలకు మూడో దశ మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, దాన్ని దాటనిస్తే చర్చ నిలబడుతుంది. డ్రోన్ సలహా ఇచ్చిన మిత్రుణ్ణి మీరు తిరిగి ప్రశ్నించవచ్చు: పైనుంచి చూస్తే తెలిసేది, ఇప్పుడు తెలియనిది ఏమిటి? ఊరు ఎక్కడుందో తెలియలేదని ఆయన అంటే అది ఉపయోగపడే సమాచారం. కేవలం హంగు కోసమైతే వదిలేయండి.

నివేదిక విషయంలో, మీరు పాటించని సలహాలను దాచకండి. ఏది విన్నారు, దానికి ఏ కారణం ఊహించారు, ఏది మార్చారు, మార్చాక కొత్త ప్రేక్షకులు ఏమన్నారు అన్న క్రమంలో రాసి, తోసిపుచ్చినవాటికి కూడా కారణం చెప్పండి. నేనైతే ఆ కారణాలకే ఎక్కువ మార్కులు వేస్తాను.

మూడో సమాధానం (నేత కుటుంబం నుంచి వచ్చినవారు, శ్రీకాకుళం జిల్లా)

మా ఊరి దగ్గరి పనిని పాటగా చేస్తున్నందుకు చాలా సంతోషమండి. మీరు రాసినదాన్ని బట్టి మొదటి చరణంలో వడకడం, రెండో చరణంలో దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేయడం వస్తున్నాయి. పని జరిగే వరుస దీనికి తలకిందులు. ముందు ఎముకతో శుభ్రం చేస్తారు, ఆ తర్వాత గింజ తీస్తారు, మెత్తబరిచి ఏకుతారు, ఏకులు (వడకడానికి వీలైన పత్తి చుట్టలు) చుడతారు, ఆపైనే రాట్నం దగ్గరికి వెళతారు. ఒకసారి నూలు చూసేసినవాడికి మళ్లీ గింజతో ఉన్న పత్తి చూపిస్తే అదేదో వేరే పని అనుకుంటాడు. ఆ వస్తువు తెలియలేదన్న నలుగురి అయోమయానికి షాటు ఎంతసేపు ఉందన్నదానికంటే ఈ తారుమారే కారణమని నాకు అనిపిస్తోంది.

చేప దవడలోని పళ్లు చాలా సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. చాలామంది మీ వీడియోను ఫోనులోనే చూసి ఉంటారు కాబట్టి, ఆ పళ్లలో పత్తి పోగు చిక్కి విడివడే క్షణం తెర నిండా కనిపిస్తే తప్ప అది ఎముక అని పోల్చుకోలేరు.

ఇంకొక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. 31 మందికి పంపారు, సరే. ఆ పెద్దావిడకు చూపించారా?

నాలుగో సమాధానం (సౌండ్ పని చేసేవారు, చెన్నై)

పెదాల సంగతి అభిరుచికి సంబంధించినది కాదు కనుక ఆ ముగ్గురి మాటను నేరుగా తీసుకోవచ్చు. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని (వీడియోలోని విడి బొమ్మలని) స్థిరంగా కాక, కొద్దిగా హెచ్చుతగ్గులతో రికార్డు చేస్తాయి. ఎడిటింగులో అటువంటి నిడుపైన షాటు మొదట్లో సరిగ్గా కలిసి, పోనుపోను జారిపోవచ్చు. అసలు ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుని, తర్వాత ఒక్కొక్క షాటులో ఫోనుకు పడిన పాట శబ్దపు తరంగాన్ని అసలు పాట తరంగంతో పోల్చుకుంటూ విడివిడిగా కలపండి. సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైనులో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందున్నా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవారు పసిగడతారు. అందుచేత రెండు ఫ్రేముల మధ్య ఎటూ తేలనప్పుడు శబ్దం బొమ్మకంటే ముందు కాక, కాస్త ఆలస్యంగా వచ్చేలా జరపండి.

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాధానం (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మూడో సమాధానంలోని చివరి ప్రశ్న చదివి మేము చాలాసేపు మాట్లాడలేకపోయాం, ఎందుకంటే మేము చూపించలేదు. గత ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని పొందూరు వెళ్లాం. ఆవిడ అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పైటచెంగుతో తుడుచుకుని, రెండుసార్లు చూశారు. వరుస తప్పిందని ఆవిడ కూడా అన్నారు. ఆ తర్వాత, "అంతా బాగుంది గానీ రాట్నం సప్పుడేదమ్మా?" అని అడిగారు. అప్పుడు గానీ మాకు తట్టలేదు: వీడియో మొత్తంలో పాట తప్ప మరో శబ్దం లేదు. ఆ మధ్యాహ్నమే రాట్నం తిరిగే చప్పుడు, ఎముక పళ్లలో పత్తి గీరుకునే సన్నని చప్పుడు రికార్డు చేసుకుని వచ్చాం.

ఇప్పుడు వీడియో ఎముక క్లోజప్‌తో, ఆ గీరుకునే చప్పుడుతో మొదలవుతుంది. చీకటి వీధి ఉన్న 26 సెకన్లను 21కి కుదించి, వాటి కింద రాట్నం చప్పుడును దూరం నుంచి దగ్గరికి తెచ్చాం. చరణాలను మార్చి పాడటం సాధ్యపడింది కాబట్టి పని వరుస కూడా సరిపోయింది. చివరి పల్లవిలో ఒక్క షాటు మాత్రం ఎంత సరిచేసినా కలవలేదు, దాని స్థానంలో ఏకు పట్టుకున్న ఆవిడ చేతిని పెట్టాం.

వీడియోను ఇదివరకు చూడని ఎనిమిది మందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి చూపించాం. చేతిలోనిది ఏమిటని అడిగితే ఆరుగురు చేప ఎముక అనో, ఏదో జంతువు ఎముక అనో చెప్పారు. మొదలు నెమ్మదిగా ఉందని ఇద్దరు ఇప్పటికీ అంటున్నారు. అయితే వాళ్లిద్దరూ ఆ భాగంలో తెర మీదినుంచి చూపు తిప్పలేదని మా కాగితం మీద ఉంది కనుక దాన్ని అలాగే ఉంచి, కారణాన్ని నివేదికలో రాశాం.