గైడ్‌ని ఎంచుకోవాలంటే హెచ్-ఇండెక్స్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? (రేడియేషన్ ఆంకాలజీ)

గాజువాక_రెసిడెంట్:

నమస్కారం అండి. విశాఖలో రేడియోథెరపీ ఎండీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను. పరీక్షలయ్యాక రీసెర్చ్ ఫెలోషిప్‌కి వెళ్దామనుకుంటున్నాను. మనసులో ఇద్దరు సీనియర్లు ఉన్నారు, ఇద్దరిదీ వేరే ఊరు. ఒకాయనకి గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ (రీసెర్చ్ పేపర్లనీ, వాటికొచ్చిన సైటేషన్లనీ బట్టి వేసే అంకె) నలభై దాటింది. రెండో మేడమ్‌ది ఇరవై లోపే, సర్వీసు కూడా తక్కువ. 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు' అని పేపర్లో చూసిన దగ్గర్నుంచి మా నాన్నగారు పెద్ద నంబరు ఉన్న ఆయన దగ్గరికే వెళ్లమని ఒకటే పోరు. మేడమ్ పేపర్లు చదువుతుంటే నాకు మాత్రం అటే లాగుతోంది. ఈ అంకెల్ని అసలు ఎలా చూడాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

బీచ్‌రోడ్_డాక్టర్:

విదేశాలకి అప్లై చేసే ఆలోచన ఉంటే పేరున్న వాళ్ల రికమెండేషన్ లెటర్ పనికొస్తుంది. నాన్నగారి మాట పూర్తిగా కొట్టిపారేయకండి.

ఎంవీపీ_ఫిజిసిస్ట్:

అమ్మా, నేను డాక్టర్‌ని కాదు, మెడికల్ ఫిజిసిస్ట్‌ని. పాత కోబాల్ట్ రేడియేషన్ మెషీన్ల రోజుల నుంచి ప్లానింగ్‌లోనే (ఎక్కడ ఎంత డోస్ పడాలో లెక్కవేసే పనిలో) ఉన్నాను. ఎవరి పేపర్ మా ట్రీట్‌మెంట్ రూమ్ దాకా వచ్చిందో, ఎవరిది రాలేదో దగ్గరుండి చూశాను.

హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క. కనీసం 20 సైటేషన్లు (ఇతర పేపర్లలో దాని ప్రస్తావనలు) చొప్పున వచ్చిన పేపర్లు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20. వాటిలో ఒకదానికి ఐదు వేలు వచ్చినా అంకె కదలదు. రచయితల వరసలో మీ పేరు మొదట ఉందా, నలభయ్యో చోట ఉందా అన్నది దానికి అనవసరం. పైగా అది పెరగడమే తప్ప తగ్గదు. అందుకే సర్వీసులో అంత తేడా ఉన్న ఇద్దర్ని దాంతో తూచకూడదు.

సైటేషన్ ఎందుకొచ్చిందో చూడాలి. ఎమామీ 1991 టేబుల్ మీకు తెలిసిందే. ఒక అవయవంలో మూడో వంతుకో, మూడింట రెండు వంతులకో, మొత్తానికో రేడియేషన్ పడితే, ఐదేళ్లలో 5 శాతం మందికి, 50 శాతం మందికి ఇబ్బంది తెచ్చే డోస్ ఎంతో అందులో ఉంటుంది. మా ప్లానింగ్ కంప్యూటర్ పక్కన గోడకి దాని జిరాక్స్ అంటించి ఉండేది, అంచులు నలిగిపోయి. అందులో చాలా అంకెలు డేటా చాలక పెద్ద డాక్టర్లు కూర్చుని వేసిన అంచనాలు, ఆ మాట వాళ్లే రాశారు. అయినా ప్లాన్ వేసే ప్రతివాళ్లకీ అది కావాలి కాబట్టి సైటేషన్లు వేలల్లో వచ్చాయి. 2010లో క్వాంటెక్ అనే సమీక్ష వచ్చాకే ఆ అంకెలు పద్ధతిగా సవరించారు. నా దృష్టిలో ఆ సైటేషన్లు న్యాయమైనవే, గదిలో రోజూ వాడిన కాగితం అది.

ఇంకొకటి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 3బీ స్టేజీలో రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తే లాభమా అని ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో శ్యామ్ శ్రీవాస్తవ గారి బృందం ట్రయల్ చేసింది. 2003 నుంచి 2011 దాకా 850 మందిని చేర్చుకున్నారు. జామా ఆంకాలజీ జర్నల్‌లో ఫలితం వచ్చేసరికి 2018. ఐదేళ్లకి బతికున్నవాళ్లు 46 శాతం నుంచి 54 శాతానికి పెరిగారు. మన కేజీహెచ్‌కీ, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికీ శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి వచ్చే ఎంతోమంది ఆడవాళ్లకి సంబంధించిన ప్రశ్న అది. అన్నేళ్ల కష్టానికి వచ్చిన ఆ పేపర్ హెచ్-ఇండెక్స్‌ని మహా అయితే ఒక అంకె పెంచుతుంది. అదే కాలంలో పాత కేసు షీట్లు తిరగేసి పది పేపర్లు రాసినవాళ్లకి అంతకంటే ఎక్కువే పెరగొచ్చు. నాకు బాధ కలిగేది ఇక్కడే.

రొమ్ము క్యాన్సర్‌కి 25 సిట్టింగులు 15 అయ్యాయి. 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ 26 గ్రే (రేడియేషన్ డోస్ కొలత) మొత్తాన్ని ఐదే సిట్టింగుల్లో, వారం రోజుల్లో ఇవ్వొచ్చని చూపించింది. పాడేరు నుంచి వచ్చి, లాడ్జిలో దిగి కరెంటు పెట్టించుకునే మనిషికి ఐదు వారాలకీ వారానికీ తేడా ఎంతో మీకు చెప్పక్కర్లేదు. మీ ఇద్దరు సీనియర్లలో ఇలాంటి ప్రశ్న ఎవరు పట్టుకున్నారో చూడండి.

ఇద్దరివీ ఎక్కువ సైటేషన్లున్న పది పేపర్లు తెరవండి. మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు నడిపించినవాళ్లది. అలా మొదటి పేరో చివరి పేరో వాళ్లదైనవి ఎన్ని? వాళ్ల దగ్గర చేసిన ఫెలోల పేరు ఎక్కడైనా మొదట ఉందా? రెండోది మీకు మరీ ముఖ్యం.

సిరిపురం_లైబ్రరీ:

పై సార్ చెప్పినదానికి ఇంకో మాట కలుపుతాను. మన పేర్లతో పెద్ద చిక్కుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, డేటాబేస్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. రావు, కుమార్, లక్ష్మి అని ఉంటే వేరేవాళ్ల పేపర్లు వచ్చి కలుస్తాయి, లేదా ఒకే మనిషి రెండు ప్రొఫైళ్లుగా చీలిపోతారు. ముందు ఆ లిస్టు సరైనదో కాదో చూడండి. స్కోపస్ అనే డేటాబేస్ కంటే గూగుల్ స్కాలర్ మామూలుగా ఎక్కువ చూపిస్తుంది, అందుకని ఇద్దర్నీ ఒకే చోట పోల్చండి. టాప్ 2 శాతం జాబితా అయోనిడిస్ బృందం తయారుచేసేది. అందులో మొదటి, చివరి పేర్లకి విలువ ఇస్తారు, సొంత సైటేషన్లు తీసేసిన లెక్కా ఉంటుంది. కెరీర్ మొత్తానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఇంకొకటి. నాన్నగారు చూసింది ఏదో అడగండి. మీరు కూడా మొదటి పేపర్ పంపకముందే ఆర్కిడ్ ఐడీ (పరిశోధకులకి ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే నంబరు) తీసుకుని, పేరు ఎప్పుడూ ఒకేలా రాయండి.

గాజువాక_రెసిడెంట్:

చాలా థాంక్స్ అండి. ఇప్పుడే చూశాను. సార్‌వి ఎక్కువ భాగం పెద్ద కన్సార్షియం (చాలా సెంటర్లు కలిసి చేసే) పేపర్లు, పేరు మధ్యలో ఎక్కడో ఉంది. మేడమ్‌వి తక్కువే గానీ వాటిలో రెండు ఆవిడ సొంత ట్రయల్స్, ఒకదానికి ఫెలో పేరే మొదట ఉంది. అలాగని సార్‌ని వదిలేయడమేనా?

ఎంవీపీ_ఫిజిసిస్ట్:

అప్పుడే వద్దమ్మా. ఆ కన్సార్షియంలో ఆయన సెంటర్ నుంచి ఎక్కువమంది పేషెంట్లు చేరి ఉంటే అదీ పెద్ద పనే. ఇద్దరికీ మెయిల్ పెట్టండి. ఇప్పుడు ఏ ట్రయల్‌లో పేషెంట్లని చేర్చుకుంటున్నారు, అందులో మీ చేతికి ఏ పని ఇస్తారు అని అడగండి. జవాబు చూసి, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.